మీది నెగటివ్ గ్రూపా? ఆ 72 గంటలు మర్చిపోకండి

గర్భం అని తెలియగానే చేసే రక్తపరీక్షలో మీది నెగటివ్ గ్రూపని వస్తే, మీ ఆయన గ్రూపు కూడా వెంటనే చూపించండి. ఆయనదీ నెగటివే అయితే బిడ్డదీ నెగటివే, టెన్షన్ అక్కర్లేదు. పాజిటివ్ అయితే మాత్రం ఇది మీకోసమే.

పాజిటివ్ బిడ్డ రక్తం కాన్పులో కాస్త తల్లి రక్తంలో కలిస్తే చాలు, తల్లి శరీరం దాన్ని పరాయిదనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. అప్పటికి మొదటి బిడ్డ పుట్టేసి ఉంటుంది కాబట్టి సాధారణంగా ఏమీ కాదు, కానీ ఆ యాంటీబాడీలు అలాగే ఉండిపోయి, తర్వాతి గర్భంలో మాయ దాటి వెళ్లి పాజిటివ్ బిడ్డ ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, దాంతో బిడ్డకు రక్తం తగ్గుతుంది, పుట్టాక కామెర్లు వస్తాయి. మొదటి కాన్పు బాగా జరిగింది కదా అని ఊరుకోవద్దనేది అందుకే.

ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష (మీ రక్తంలో ఈ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది) చేయించుకోండి. ఇందులో నెగటివ్ అని వస్తే మంచిదే, యాంటీబాడీలు ఇంకా లేవని అర్థం. అప్పుడు 28 వారాలకు, యాంటీబాడీలు తయారవకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ ఒకటి, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు ఇంకొకటి. గర్భస్రావం అయినా, ట్యూబులో గర్భం వచ్చినా, పొట్టకు దెబ్బ తగిలినా, మధ్యలో రక్తం కనిపించినా ఇంజెక్షన్ కావాలా అని ఆ 72 గంటల్లోనే అడగాలి. బిడ్డను పోగొట్టుకున్న బాధలో ఉన్న అమ్మాయికి ఇదెక్కడ గుర్తుంటుంది చెప్పండి, పక్కనున్నవాళ్లే అడగాలి.

యాంటీబాడీలు ముందే వచ్చేస్తే ఈ ఇంజెక్షన్ పనిచేయదు. అలాంటప్పుడు డాప్లర్ స్కాన్లతో బిడ్డకు రక్తం తగ్గుతోందేమో చూస్తూ ఉంటారు, మరీ తగ్గితే కడుపులో ఉండగానే బొడ్డుతాడు ద్వారా రక్తం ఎక్కిస్తారు.

తల్లిది O గ్రూపు, బిడ్డది A లేదా B అయినా కామెర్లు రావచ్చు. ఇది మొదటి బిడ్డకు కూడా రావచ్చు, దీన్ని ఆపే ఇంజెక్షన్ లేదు, అయితే చాలావరకు తేలికగానే పోతుంది.

పుట్టిన 24 గంటల్లోపే బిడ్డ పచ్చబడితే దాన్ని మామూలు కామెర్లనుకోకండి, ఎండలో పెట్టి చూద్దామనీ ఆగకండి. బిలిరుబిన్ (కామెర్లలో ఒంటిని పచ్చగా చేసే పదార్థం) మరీ పెరిగితే మెదడు దెబ్బతింటుంది, వినికిడి పోవచ్చు. సమయానికి తీసుకెళ్తే చాలామందికి ఫోటోథెరపీ లైట్లతోనే తగ్గిపోతుంది, తగ్గకపోతే రక్తం మారుస్తారు. పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా, గొంతు కీచుగా మారి ఏడుస్తున్నా అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లండి. కామెర్లు తగ్గి ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు బిడ్డకు రక్తం తగ్గుతూ ఉండొచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్ మళ్లీ ఎప్పుడు చూడాలో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి.