చూడాలనుకున్న ఊరు చూసి రావడం ఎలా?

రెండో పంట దాళ్వా కోతలై, కాలవలు కట్టేశాక మా కోనసీమలో అరుగుల మీద కబుర్లు ఊళ్ళ మీదకి మళ్ళుతాయి. ఒకాయన కాశీ అంటాడు. ఇంకొకాయన కాశ్మీరం అంటాడు. కుర్రాళ్ళు బాలి, మాల్దీవులు అంటారు. జూన్‌లో కాలవలకి నీళ్ళొదిలేసరికి ఆ ఊళ్ళన్నీ మళ్ళీ అటకెక్కేస్తాయి. ఇలా అటక మీద దుమ్ముపట్టిన ఊళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకటో రెండో ఉంటాయి. వాటిని కిందకి ఎలా దించాలో, నా డబ్బూ ఇంట్లోవాళ్ళ డబ్బూ కొంత తగలేసి నేర్చుకున్నాను.

1. ఊరి పేరు రాయకండి, ఎందుకో రాయండి

అసలు పని ఇదే. ఒక కాగితం తీసుకుని, అక్కడికెళ్ళి మీరేం చేస్తున్నట్టు ఊహించుకుంటున్నారో ఒక్క వాక్యం రాయండి. "మంచు చేత్తో పట్టుకోవాలి." "నాన్న అస్థికలు కలిపిన రేవు మళ్ళీ చూడాలి." "నన్నెవరూ గుర్తుపట్టని వీధిలో రెండు రోజులు తిరగాలి." ఈ ఆఖరిది నవ్వుకోవాల్సిన మాట కాదు. బస్సు దిగగానే "ఫలానావారి అమ్మాయివి కదూ" అని పలకరించే ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇదీ పెద్ద కోరికే.

మా పెద్దనాన్న లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళు కాలవ తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం. "ఎక్కడికెళ్తారు పెద్దనాన్నా?" అని మేమెవ్వరం అడగలేదు. ఆ వయసుకి కాశీయే కదా అనుకుని వంటవాళ్ళతో సహా వెళ్ళే యాత్రల బస్సులో ఆయనకీ పెద్దమ్మకీ సీట్లు కొనేశాం. వెళ్ళొచ్చారు. గంగ చెంబు పూజలో పెట్టారు, సమారాధన చేశారు. కాశీ గురించి మాత్రం పెద్దగా ఏమీ చెప్పలేదు.

ఏడాది తర్వాత ఈ కాగితం పద్ధతి ఆయన మీద ప్రయోగించాను. లాకు పుస్తకంలో రాసినట్టే పొందికగా రాసిచ్చారు: "ఈ నీళ్ళు ఎక్కడ మొదలవుతున్నాయో చూడాలి." ఆయనకి కావలసింది కాశీ కాదు, గోదారి పుట్టిన త్ర్యంబకం.

పెద్దమ్మ రాయనంది, నోటితోనే చెప్పింది. "పది రోజులు వంటింట్లోకి వెళ్ళకూడదు. ఊరు మీ ఇష్టం." కాశీ బస్సులో వంటవాళ్ళున్నారు కదా అన్నాను. "ఉన్నారు. వాళ్ళు వండుతుంటే ఆడవాళ్ళందరం కూర్చుని కూరలు తరిగాం" అంది.

2. కారణం తేలాక ఊరు వెతకండి

మంచు పట్టుకోవడమే కోరికైతే స్విట్జర్లాండే అక్కర్లేదు. గుల్‌మార్గ్ చాలు, మనాలీ పైన కొండలైనా చాలు. గుల్‌మార్గ్‌లో తీగ మీద నడిచే గొండోలా ఎక్కితే రెండో అంచెలో దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకి చేరతారు. పుట్టి బుద్ధెరిగి చెరువుగట్టు కంటే ఎత్తైనది చూడని మనవాళ్ళకి ఆ ఎత్తే ఒక వింత.

సముద్రం సంగతి వేరు. అంతర్వేది, ఓడలరేవు పక్కనే పెట్టుకుని మనవాళ్ళు మాల్దీవులని ఎందుకంటారు? నీలం కోసం. మన తీరంలో నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి. అది మురికి కాదు, గోదారి తెచ్చి పోసే ఒండ్రు. ఆ ఒండ్రు పేరుకునే కదా ఈ డెల్టా అయింది, మన వరిచేలు అయ్యాయి. పెద్ద నదులు కలవని పగడపు దీవుల చుట్టూ నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి. ఆ నీలమే కావాలంటే మన అండమాన్‌లోనే ఉంది. హేవ్‌లాక్ దీవిని ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, అక్కడి రాధానగర్ బీచ్ చూడండి. లక్షద్వీప్ కూడా మనదే. కాకపోతే అక్కడికి వెళ్ళాలంటే మన దేశంవాళ్ళమైనా ముందుగా అనుమతి తీసుకోవాలి.

సినిమాలో చూసి మనసుపడ్డ చోట్లకి వెళ్ళొద్దని అననుగానీ, ఆ ఒక్క షాటు తీసిన చోట మీరు పది నిమిషాలే నిలబడతారు. మిగతా నాలుగు రోజులకి ఇంకో కారణం వెతుక్కోండి.

మన కొబ్బరితోటలు చూడాలని హైదరాబాదు నుంచి వచ్చి, దిండిలో పడవెక్కి ఫోటోలు దిగేవాళ్ళని చూస్తే నాకు మొదట్లో నవ్వొచ్చేది. గుల్‌మార్గ్‌లో మంచుముద్ద పట్టుకుని నేను దిగిన ఫోటో చూసి అక్కడి గుర్రం అబ్బాయి నవ్వాక, మానేశాను.

3. ఎవరు వస్తున్నారో, వాళ్ళ మోకాళ్ళెలా ఉన్నాయో చూడండి

మనం సముద్రమట్టానికి నాలుగైదు మీటర్ల ఎత్తులో బతికేవాళ్ళం. 2,500 మీటర్లు దాటితే గాలిలో ప్రాణవాయువు పలచబడి తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం రావచ్చు. లేహ్ దాదాపు 3,500 మీటర్లు. విమానంలో దిగినవాళ్ళు ఒకటి రెండు రోజులు గదిలోనే పడుకోవాలి. నేను దిగిన సాయంత్రమే బజారుకెళ్ళాను, మర్నాడంతా దుప్పటి కప్పుకుని మూలిగాను. కేదార్‌నాథ్ కూడా 3,500 దాటిన ఎత్తే. గౌరీకుండ్ నుంచి నడకదారి, ముందుగా పేరు నమోదు చేయించుకోవడం తప్పనిసరి. బీపీ, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగాకే డబ్బు కట్టండి.

పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు రోజుకి ఒక్క చోటే పెట్టుకోండి. రెండో చోటు మీ సరదా, వాళ్ళకి శిక్ష.

4. రెండు పంచాంగాలు పక్కపక్కన పెట్టండి

ఒకటి మనది, ఇంకొకటి ఆ ఊరిది. మన పంచాంగంలో తొలిపంట సార్వా మాసూళ్ళు, అంటే కోతలూ నూర్పిళ్ళూ, నవంబరు, డిసెంబరుల్లో. సంక్రాంతికి ఎవరూ కదలరు, ఊళ్ళో లేనివాళ్ళే వస్తారు. దాళ్వా నాట్లయ్యాక ఫిబ్రవరిలో కొంచెం ఊపిరి, కోతలయ్యాక మేలో ఇంకొంచెం. రొయ్యల చెరువులున్నవాళ్ళకి ఏ పంచాంగమూ లేదు. పట్టుబడి అయ్యి, మళ్ళీ పిల్ల వదిలే లోపు ఎన్ని రోజులు దొరికితే అన్నే.

అక్కడి పంచాంగంలో చూస్తే, గుల్‌మార్గ్‌లో మంచు కావాలంటే డిసెంబరు ఆఖరి నుంచి మార్చి మొదటి దాకా. నేను మొదటిసారి సెప్టెంబరులో వెళ్ళి పచ్చిక చూసొచ్చాను. పచ్చిక బాగుందిగానీ పచ్చిక మనకీ ఉంది కదా. శ్రీనగర్ తులిప్ తోట మార్చి ఆఖర్లో తెరుస్తారు, ఏప్రిల్‌లో పూలు అయిపోతాయి. కేదార్‌నాథ్ గుడి దీపావళి తర్వాత మూసేస్తే మళ్ళీ వేసవిలోనే. త్ర్యంబకంలో వానాకాలం కొండలు కన్నులపండువే, కాకపోతే మెట్లు జారతాయి. ముసలివాళ్ళతో అయితే వానలు తగ్గాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు మేలు. సోమవారాలు, శ్రావణమాసం రద్దీ. బృహస్పతి సింహరాశిలో ఉన్నప్పుడు ఇక్కడ మనకి పుష్కరాలు, అక్కడ నాసిక్, త్ర్యంబకాల్లో సింహస్థ కుంభమేళా. 2015లో రెండూ వచ్చాయి, మళ్ళీ 2027లో. జనం మధ్య మునగాలన్నదే మీ కారణమైతే అప్పుడు వెళ్ళండి. నీళ్ళు చూడాలంటే మాత్రం ఇంకో ఏడాది చూసుకోండి.

రెండు కలిపి చూస్తే మంచుకి ఫిబ్రవరి సరిగ్గా కుదురుతుంది. మే నెల సెలవుల్లో ఊటీ, మున్నారు కుదిరినట్టే ఉంటాయిగానీ, దేశంలో సగం మంది అదే లెక్క వేసుకుని కొండ దారిలో మీ ముందు కార్లలో కూర్చుని ఉంటారు.

5. డబ్బుకి ఒక పేరు పెట్టండి

ఇంటి డబ్బులోంచి ప్రయాణం ఎప్పటికీ జరగదు. పైకప్పు కారుతుంది, ఎవరింట్లోనో పెళ్ళి వస్తుంది. అందుకని రెండు నెలలకోసారి వచ్చే కొబ్బరి దింపుల్లో ఏడాదికి ఒక దింపు డబ్బు ఊరి పేరు రాసిన కవరులో వేయండి. ఉద్యోగస్తులు చీటీ వేసుకోవచ్చు. నెలకి 5,000 చొప్పున 20 నెలల లక్ష రూపాయల చీటీ అనుకోండి. మొదటి నెలల్లోనే పాడేస్తే చేతికొచ్చే డబ్బులో తోసుబాటు బాగా పోతుంది. ప్రయాణం ఆసుపత్రి ఖర్చు కాదు కదా, ఆఖరి దాకా ఆగి తీసుకోండి. ఒక్కటే జాగ్రత్త. 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీయే వేయండి. మా వీధిలో చీటీ నడిపినావిడ ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేసింది, నా ఊటీ ఆవిడతోపాటే పోయింది.

లెక్క వేసేటప్పుడు రైలు, గది, తిండి అందరూ రాస్తారు. స్టేషన్ నుంచి గదికి ఆటో, గుళ్ళో ప్రత్యేక దర్శనం, మంచు దగ్గర అద్దె కోటూ బూట్లూ, ఇంటికి తేవాల్సిన ప్రసాదాలూ రాయరు. అసలు ఖర్చు అక్కడే పెరుగుతుంది. వచ్చిన మొత్తానికి నాలుగో వంతు కలుపుకోండి.

6. టికెట్లు, కాగితాలు

రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. 2024 నవంబరుకి ముందు 120 రోజులుండేది, పాత అలవాటుతో కంగారు పడకండి. పెద్దవాళ్ళకి రాయితీ 2020 మార్చి నుంచి లేదు, కానీ 60 దాటిన మగవాళ్ళకీ 45 దాటిన ఆడవాళ్ళకీ కింది బెర్తు ఇచ్చే కోటా ఉంది. టికెట్ తీసేటప్పుడు అది ఎంచుకోండి.

త్ర్యంబకానికి మన నర్సాపురం నుంచే దారుంది. నర్సాపురం, నాగర్‌సోల్ మధ్య రైళ్ళున్నాయి. షిర్డీ వెళ్ళేవాళ్ళతో నిండిపోతాయవి. నాగర్‌సోల్ నాసిక్ జిల్లాలోదే. అంటే గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఎక్కి, గోదారి పుట్టిన జిల్లాలో దిగుతారు. నది ఆ దూరం 1,465 కిలోమీటర్లు వంకర్లు తిరుగుతూ వస్తే, రైలు ఒక పగలూ ఒక రాత్రిలో వెళ్ళిపోతుంది. అక్కణ్ణుంచి నాసిక్, నాసిక్ నుంచి బస్సులో గంట లోపు త్ర్యంబకం. కాశీకైతే గది ముందే అడిగి పెట్టుకోండి. మానససరోవర్ ఘాట్ దగ్గరి శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం లాంటి చోట్ల తెలుగువాళ్ళకి వసతి ఉంది.

విదేశమైతే మన ఇంటిపేరుతోనే చిక్కు మొదలవుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు వెనకాల, పాన్‌లో ముందు. మూడూ ఒకటి చేశాకే పాస్‌పోర్ట్‌కి దరఖాస్తు చేయండి. మామూలు 36 పేజీల పాస్‌పోర్ట్‌కి ఫీజు 1,500 రూపాయలు, పెద్దవాళ్ళకి పదేళ్ళు చెల్లుతుంది. నేపాల్‌లోని ముక్తినాథ్‌కి విమానంలో వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ పట్టుకెళ్ళాలి, ఆధార్‌ని నమ్ముకోకండి.

7. సంచి

సగం తగ్గించండి. ఆ తర్వాత ఇంకొన్ని తీసేయండి. పులిహోర మొదటి రోజుకే. కందిపొడి, ఆవకాయ చిన్న సీసా చాలు. "వంటింట్లోకి వెళ్ళకూడదు" అన్న మనిషి వెంట ఉంటే కరెంటు కుక్కరు మాత్రం పెట్టకండి.

8. అక్కడికి చేరాక కాగితం తీసి చూసుకోండి

మీరు రాసుకున్న ఆ ఒక్క పనీ మొదటి రోజే చేసేయండి. మిగతావి కుదిరితే కుదురుతాయి, లేకపోతే లేదు.

మేం త్ర్యంబకంలో అదే చేశాం. దర్శనమయ్యాక కుశావర్తం దగ్గర ఆగాం. చుట్టూ రాతి మండపాలున్న కోనేరది. పారిపోతున్న నీటిని గౌతముడు దర్భలు అడ్డుపెట్టి ఆపిన చోటంటారు. "అంటే మొదటి ఆనకట్ట ఇదన్నమాట. ధవళేశ్వరం కాటన్ దొర తర్వాత వచ్చాడు" అన్నారు పెద్దనాన్న. అది చాలదు, పైదాకా వెళ్ళాలన్నారు. బ్రహ్మగిరి మీద గంగాద్వారానికి వందల మెట్లు. పది మెట్లకోసారి కూర్చుంటూ, కోతులకి శనగలు పంచుతూ, పొద్దున్న మొదలెడితే పదకొండయింది.

పైన చిన్న గుడి, ఆవు ముఖంలోంచి సన్నగా కారే ధార. అంతే. పెద్దనాన్న దోసిలి పట్టారు. నిండడానికి చాలాసేపు పట్టింది.

"ఇంతేనేంట్రా?" అన్నారు. "మా లాకు తలుపు సందులోంచి ఇంతకంటే ఎక్కువే కారేది."

నిజానికి మన దాకా వచ్చే వరద నీళ్ళలో ఎక్కువ పాలు ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మోసుకొచ్చేవే. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా అక్కడే గోడకి ఆనుకుని గంటసేపు కూర్చున్నారు. నీళ్ళు ఎటు జారుతున్నాయో వంగి చూశారు. జేబులోంచి పెన్ను తీసి, రైలు టికెట్ వెనకాల తేదీ, టైమూ వేసి, పక్కన "ధార సన్నం" అని రాసుకున్నారు.

పెద్దమ్మ పైకి రాలేదు. దిగి వచ్చేసరికి బస్టాండు పక్క హోటల్లో థాలీ ముందు కూర్చుని ఉంది. ఎలా ఉంది పెద్దమ్మా అంటే, "పప్పులో బెల్లం వేశారు, చపాతీ గట్టిపడింది" అని మూడో చపాతీ అడిగింది.