ఇంగ్లండ్‌లో పాత చర్చి ఏ కాలందో కనిపెట్టడం ఎలా?

యూకేలో ఉన్న మనవాళ్ళు ఏ పల్లెకెళ్ళినా ఓ రాతి చర్చి కనిపిస్తుంది, బోర్డు మీద 12వ శతాబ్దం అని ఉంటుంది, ఓ ఫోటో తీసుకుని వచ్చేస్తారు. నిజానికి అది ఒక్కసారే కట్టింది అవడం చాలా అరుదు, తాత కట్టిన పెంకుటింటికి కొడుకు వసారా దించి మనవడు మేడ వేసినట్టు ఉంటుంది.

ముందు బయట ఓ రౌండ్ వెయ్యండి. బలిపీఠం ఉండేది తూర్పున, టవర్ ఎక్కువగా పడమటి వైపు. తూర్పు కొసన చిన్న భాగం చాన్సెల్, జనం ఉండే పెద్ద హాలు నేవ్. అప్పట్లో చాన్సెల్ రిపేర్లు చర్చి ఆదాయం తీసుకునే రెక్టార్ (చర్చి గురువు) చూసుకోవాల్సి ఉండేది, నేవ్ రిపేర్లు మాత్రం ఊరివాళ్ళవి, అందుకే ఊరికి డబ్బొస్తే నేవ్ గొప్పగా పెరిగిపోయి చాన్సెల్ మాత్రం పాతగానే ఉండిపోవడం చూస్తాం.

తర్వాత ఆర్చ్‌లు, కిటికీలు చూడండి. గుండ్రటి ఆర్చ్, లావు స్తంభాలు, జిగ్‌జాగ్ చెక్కుడు ఉంటే నార్మన్ శైలి, అంటే ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచిన 1066 నుంచి సుమారు 1190 దాకా. హెర్ఫర్డ్‌షైర్‌లో కిల్పెక్ చర్చి దక్షిణపు వాకిలి చూడండి, సుమారు 1140 నాటిది, ఆ చెక్కుడు చూస్తే అక్కణ్ణుంచి కదలబుద్ధి కాదు. సన్నగా పొడుగ్గా పైన మొన తేలిన కిటికీలైతే 13వ శతాబ్దం. పైభాగంలో రాయి మెలికలు తిరిగి అల్లుకుంటే 14వ శతాబ్దం మొదటి సగం. నిలువు కమ్మీలు నేరుగా పైదాకా పోయి, గోడ కంటే గాజే ఎక్కువుంటే పర్పెండిక్యులర్ అనే శైలి, సుమారు 1350 నుంచి 1530 దాకా. బట్టల వ్యాపారం డబ్బుతో కట్టిన సఫోక్‌లోని లాంగ్ మెల్‌ఫర్డ్ చర్చి ఈ రకమే.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. కిటికీ వయసు గోడ వయసు కాదు! వెలుతురు చాలక పాత గోడనే కోసి కొత్త కిటికీ పెట్టేవాళ్ళు. అందుకని రాయి రంగు ఎక్కడ మారిందో, మూసేసిన ఆర్చ్ ఏమైనా ఉందో చూడండి. టవర్ గోడ మీద తిరగేసిన వి ఆకారంలో గీత కనిపిస్తే అది పాత కప్పు గుర్తు, ఇప్పటి కప్పు కంటే కిందుంటే తర్వాత నేవ్ గోడలు పైకి లేపారన్నమాట.

లోపల చాన్సెల్ ఆర్చ్ పక్కన ఎత్తులో ఎక్కడికీ పోని చిన్న తలుపు ఉంటే, అది సిలువ బొమ్మ నిలబెట్టిన చెక్క అటకకి దారి, అటకల్ని 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ క్యాథలిక్ మతం వదిలి ప్రొటెస్టెంట్ అయిన మతసంస్కరణలో పీకేశారు. ఇక జిగ్‌జాగ్ అంచులు మరీ నిన్న చెక్కినంత పదునుగా ఉంటే కాస్త అనుమానించండి, 19వ శతాబ్దంలో రిపేర్ల పేరుతో విక్టోరియన్లు (విక్టోరియా రాణి కాలం వాళ్ళు) చాలా వాటిని కొత్తగా చెక్కేశారు.