40 దాటాక ఇంట్లో ఒంటరిగా బలం పెంచుకునే వ్యాయామం

నడివయసులో కండ ఏటేటా కొంత తగ్గుతుంది కాబట్టి నడక ఒక్కటే చాలదు. కండరాలకు పని చెప్పే వ్యాయామం వారానికి కనీసం 2 రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

కుర్చీతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. జారకుండా కుర్చీని గోడకు ఆనించి, పాదాలను భుజాలంత ఎడంగా ఉంచి, చేతుల ఊతం లేకుండా మెల్లగా కూర్చొని, మడమలను నేలకు అదిమి ఊపిరి వదులుతూ లేవాలి. ఊపిరి బిగపడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. పక్కన ఎవరూ లేనప్పుడు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, ఫోను కూడా చేతికందేలా ఉంచుకోవాలి. 10 సార్లు చొప్పున 2 విడతలు తేలికైనప్పుడు, సంచిలో లీటరు నీళ్ల సీసాలు వేసి గుండెలకు హత్తుకుంటే, సీసాకు కిలో చొప్పున బరువు పెరుగుతుంది. చేతులకు గోడ దండీలు, అంటే అరచేతులు గోడకు ఆనించి మోచేతులు వంచుతూ ముందుకు వాలి మళ్లీ వెనక్కి నెట్టుకోవడం, చాలు. మోకాలిలో పొడిచినట్టు నొప్పి వస్తే ఆ రోజుకు ఆపేయాలి.