తొలి వసంతంలో పెరటి తోట: మొలక రాని మడి, వాలిపోయే నారు

విత్తనం మొలవకపోతే

విత్తి రెండు వారాలు గడిచినా మడిలో మొలక కనిపించకపోతే ముందుగా విత్తనాన్నే అనుమానిస్తాము గాని, చలి పూర్తిగా వదలని రోజుల్లో లోపం చాలావరకు నేలలోనే ఉంటుంది. గాలి ఒక పూట ఎండకే వెచ్చబడుతుంది, తడి నేలకు మాత్రం ఎన్నో రోజులు పడుతుంది. కాబట్టి క్యాలెండరును పక్కన పెట్టి, ఉదయం పూట 5 సెంటీమీటర్ల లోతున థర్మామీటరు గుచ్చి చూడాలి. బఠాణీ, పాలకూర, ముల్లంగి 7 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నిదానంగానైనా, మొలుస్తాయి. బీన్స్‌కు 16 డిగ్రీలైనా కావాలి. టమాటా, మిరప విత్తనాలు 21 నుంచి 29 డిగ్రీల మధ్య బాగా మొలుస్తాయి కనుక వాటిని ఇంట్లో ట్రేలలో నారు పోసుకోవడమే మంచిది. ఇదివరకే విత్తేసి ఉంటే ఒకటి రెండు గింజలు తవ్వి చూడండి: గట్టిగా ఉంటే ఓపిక పట్టాలి, మెత్తబడి కుళ్ళితే నేల వెచ్చబడ్డాక మళ్ళీ విత్తాలి.

మట్టి గడ్డలు కట్టితే

నేల తవ్వడానికి తగినంత ఆరకముందే, అంటే పదును రాకముందే, తవ్వడం దీనికి కారణం. పిడికిట్లో నొక్కిన మట్టి వేలు తగలగానే విడిపోతే తవ్వవచ్చు, ముద్దగా నిలిచిపోతే ఆగాలి. ఒకసారి గడ్డకట్టిన నేల ఆ కాలమంతా బాధిస్తుంది. వచ్చే ఏటి కోసం కంపోస్టు కలపడం తప్ప అడ్డదారి లేదు.

నారు సన్నగా సాగినా, మొదలు దగ్గర కుళ్ళినా

సన్నగా, పాలిపోయి, ఒక పక్కకు వంగే నారుకు కొరవడినది వెలుతురే. కిటికీ వెలుగు సాధారణంగా చాలదు. మొక్కలకు కొద్ది ఎత్తులో విద్యుత్ దీపం అమర్చి రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించాలి. నిన్నటిదాకా నిటారుగా ఉన్న మొక్క నేలను తాకే చోట నీరుకారి సన్నబడి పడిపోతే అది నారుకుళ్ళు తెగులు. పడిన మొక్క మళ్ళీ లేవదు. దాన్ని తీసివేసి, నీరు తగ్గించి, నారును పలుచన చేసి గాలి ఆడనివ్వాలి. మరుసటి నారుకు శుభ్రమైన ట్రేలు, కొత్త మట్టిమిశ్రమం వాడాలి.

నాటిన తరువాత ఆకులు రంగు మారితే

ఇంట్లో పెరిగిన నారును నేరుగా ఎండలో నాటితే ఆకులపై తెల్లని మచ్చలు పడి, అవి ఎండిపోతాయి. 7 నుంచి 10 రోజులపాటు, మొదట నీడలో గంటసేపు ఉంచి, క్రమంగా సమయం పెంచుతూ బయటి గాలికి అలవాటు చేశాకే నాటాలి. టమాటా ఆకుల అడుగు ఊదారంగుకు తిరిగితే వెంటనే ఎరువు వేయడం తొందరపాటు: చల్లని నేలలో వేళ్ళు భాస్వరాన్ని సరిగా తీసుకోలేవు, నేల వెచ్చబడితే కొత్త ఆకులు పచ్చగానే వస్తాయి.

రాత్రికి రాత్రే మొక్క తెగిపడితే

మట్టిలో దాగి రాత్రి కాండాన్ని కొరికే పురుగు పని ఇది. తెగిన మొక్క చుట్టూ వేలితో కెలికితే చుట్టుకుని ఉన్న పురుగు దొరుకుతుంది. మిగిలిన మొక్కల చుట్టూ అట్టముక్కను గొట్టంలా చుట్టి, 2 సెంటీమీటర్లు మట్టిలోకి దించాలి.

మంచుకు ఆకులు నల్లబడితే

గడ్డకట్టే చలి వస్తుందనుకున్న సాయంత్రం, నేల వెచ్చదనం జారిపోకముందే, మొక్కలను గుడ్డతో నేలదాకా కప్పి ఉదయం తీసివేయాలి. ప్లాస్టిక్ పట్టా ఆకులను తాకితే, తాకిన చోటే మాడిపోతాయి. ఇప్పటికే నల్లబడిన కొమ్మలను వెంటనే కత్తిరించవద్దు. కింది కణుపుల్లో చిగురు కనిపించిన తరువాత, ఆ చిగురుకు పైనున్న నల్లబడిన భాగం తీసివేస్తే చాలు.