కుక్క అదేపనిగా నాకుతుంటే, తిరుగుతుంటే

కుక్క ఒకే పనిని పదేపదే చేస్తుంటే ముందు దాని ఒళ్లు వెతకండి. అలవాటా, దిగులా అన్నది తర్వాతి మాట. మా తెల్ల పామెరేనియన్ రాత్రంతా ముందుకాళ్లు నాకుతుంటే వారాల తరబడి కసిరాం. బొచ్చు తుప్పు రంగుకు తిరిగాక వేళ్ల సందులు విడదీసి చూస్తే ఎర్రగా ఒరిసిపోయి ఉంది, ముక్కిపోయిన వాసన. నోరులేని జీవి మంటకు నాకుతుంటే తిట్టామే అని ఇప్పటికీ బాధే.

పాదాలు నాకడం

ఆ తుప్పు రంగు లాలాజలంలోని పోర్ఫిరిన్లనే రంగు పదార్థాల వల్ల వస్తుంది. అంటే నాకడం చాలా రోజులుగా సాగుతోందన్నమాట. ఒక్క కాలినే నాకితే ముల్లు, గాజుపెంకు, విరిగిన గోరు, కీళ్లనొప్పి ఉన్నాయేమో చూడాలి. నాలుగు కాళ్లూ అయితే అలర్జీని, వానాకాలంలో తడికి పెరిగే ఫంగస్‌ను అనుమానించాలి. గోమార్లు కూడా వేళ్ల సందుల్లోనే దాక్కుంటాయి. బయట తిరిగి వచ్చాక మంచినీళ్లతో కడిగి, సందులు పొడిబారేలా తుడవండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే పశువైద్యునికి చూపించండి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయవద్దు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

తోక వెంట గిరగిరా తిరగడం

తోక మొదట్లో బొచ్చు పాయలు తీసి చూడండి. మిరియపు పొడిలాంటి నల్లని రేణువులను తడి దూదిపై రుద్దితే ఎర్రబడ్డాయా? అది గెంతే పేలు (ఫ్లీలు) తాగి విసర్జించిన నెత్తురు. ఒంట్లో ఏ లోపమూ లేకపోతే రోజంతా గొలుసుతో కట్టేసి ఉంచడం, తోచకపోవడం కారణం కావచ్చు. మనం నవ్వి చప్పట్లు కొడితే అది మరింత తిరుగుతుంది. నడకకు తీసుకెళ్లండి, వాసన పట్టి వెతుక్కునేలా తిండి దాచిపెట్టండి. పిలిచినా ఆగలేని స్థితికి వస్తే దానికీ మందులున్నాయి.

పిర్రలు నేలకు ఈడ్చడం

మలద్వారం పక్కనున్న గ్రంథులు నిండిపోయి ఉండవచ్చు. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే బద్దెపురుగులు. వాటిని ఎక్కువగా మోసుకొచ్చేవి ఈ గెంతే పేలే కాబట్టి నట్టల మందుతో పాటు పేల మందూ వాడాలి.

లేని ఈగను పట్టబోవడం

ఇది చిన్నపాటి మూర్ఛ కావచ్చు, కడుపులో జబ్బూ కావచ్చు. ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి.

గోడకు తల నొక్కిపెట్టి నిలబడటం

మెదడుకో కాలేయానికో పెద్ద ముప్పు వచ్చినప్పుడు ఇలా చేస్తుంది. తెల్లవారేదాకా ఆగకండి.