ఇంజిన్ అంకెలు తెర మీద సరిగ్గా రాకపోతే: బోటు నెట్‌వర్క్‌లో సమస్య - పరిష్కారం

ఒడిశాలోని గోపాల్‌పూర్, ఛత్రపురం తీరంలోనూ, రంభ వైపు చిలికా సరస్సులోనూ తిరిగే కొత్త బోట్లలో సూది మీటర్ల స్థానంలోకి తెరలు వస్తున్నాయి. ఆర్‌పీఎం, ఆయిల్ ప్రెషర్, నీళ్ల వేడి, డీజిల్ మట్టం అన్నీ ఒకే డిస్‌ప్లేలో కనిపిస్తాయి. బాగున్నంత కాలం బాగానే ఉంటుంది. ఒకరోజు అంకెలు మాయమైతే మాత్రం మొదట వినిపించే మాట "బావా, డిస్‌ప్లే పోయింది, కొత్తది తెచ్చేద్దాం" అనే. తొందరపడకండి. డిస్‌ప్లే పోవడం చాలా అరుదు. తప్పు ఎక్కువసార్లు వైరులోనో, కనెక్టర్‌లోనో, ఇంజిన్ మీద వేడి, ప్రెషర్ లాంటివి కొలిచి పంపే సెండర్‌లోనో, సెట్టింగ్‌లోనో ఉంటుంది. ఒక మల్టీమీటరు, కాస్త ఓపిక ఉంటే ఒడ్డునే తేలిపోతుంది.

ఈ డిస్‌ప్లేలు చాలావరకు ఎన్‌ఎంఈఏ 2000 అనే, బోటులోని పరికరాలన్నీ ఒకే కేబుల్ మీద సమాచారం పంచుకునే పద్ధతిలో పనిచేస్తాయి. బోటు పొడవునా ఒక ప్రధాన కేబుల్ ఉంటుంది. దానికి టీ కనెక్టర్లు పెట్టి ఇంజిన్‌నీ, జీపీఎస్‌నీ, డిస్‌ప్లేనీ కలుపుతారు. ఆ కేబుల్ రెండు చివర్లలో 120 ఓమ్‌ల టెర్మినేటర్లు (కేబుల్ చివర పెట్టే రెసిస్టర్లు) చెరొకటి ఉండాలి. లోపల ఎరుపు, నలుపు వైర్లు 12 వోల్టుల కరెంటుకి, తెలుపు, నీలం వైర్లు సమాచారానికి.

పని మొదలుపెట్టే ముందు తెరను ఒకసారి జాగ్రత్తగా చూడండి. అంకె ఉండాల్సిన చోట గీతలు ఉన్నాయా, సున్నా ఉందా? గీతలంటే ఆ సమాచారం తెరకు చేరడం లేదు. సున్నా అంటే సమాచారం చేరుతోంది, కానీ అందులో ఉన్నదే సున్నా. గీతలైతే నెట్‌వర్క్ వైపు, సున్నా అయితే సెండర్ వైపు వెతకాలి. సగం పని ఇక్కడే తగ్గిపోతుంది.

అన్ని అంకెలూ ఒకేసారి పోయాయి

ఇంజిన్‌వే కాక జీపీఎస్, లోతు కూడా పోతే అది నెట్‌వర్క్ జబ్బే. ముందు ఫ్యూజు చూడండి. తర్వాత బ్యాటరీకి దూరంగా ఉన్న కనెక్టర్ విప్పి ఎరుపు, నలుపు పిన్నుల మధ్య వోల్టేజి కొలవండి. పరికరాలు 9 వోల్టుల దాకా తట్టుకునేలా తయారవుతాయి కానీ, అక్కడ 11 కన్నా తక్కువ వస్తే దారిలో ఎక్కడో కరెంటు పోతోందని అర్థం.

ఇప్పుడు అసలు పరీక్ష. నెట్‌వర్క్‌కి కరెంటు పూర్తిగా ఆపేయండి. మీటరును ఓమ్‌లలో పెట్టి తెలుపు (4వ పిన్ను), నీలం (5వ పిన్ను) మధ్య కొలవండి. 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక టెర్మినేటర్ లేదు, లేదా మధ్యలో కేబుల్ తెగింది. 40 వస్తే ఎవరో మూడో టెర్మినేటర్ పెట్టారు. కొన్ని పరికరాల్లో అది లోపలే ఉంటుంది కాబట్టి తెలియకుండా ఇలా జరుగుతుంది. సున్నాకి దగ్గరగా వస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి. మీటరు మొనలు లావుగా ఉంటే పిన్ను గూట్లోకి తోయకండి, గూడు వెడల్పై తర్వాత లూజ్ కాంటాక్ట్ అవుతుంది. సన్నటి సూది వాడండి.

తెగిన చోటు దొరకకపోతే ప్రధాన కేబుల్‌ని మధ్యలో ఒక టీ దగ్గర విడదీసి రెండు ముక్కలనూ విడివిడిగా కొలవండి. మంచి ముక్క 120 చూపిస్తుంది. తెగిన ముక్క ఏమీ చూపించదు. దాన్ని మళ్లీ సగం చేసుకుంటూ వెళ్తే చోటు దొరుకుతుంది.

టెర్మినేటర్ ఊళ్లో అడగ్గానే దొరికే వస్తువు కాదు, ఆన్‌లైన్‌లో తెప్పించి ఒకటి అదనంగా బోటులో ఉంచుకోండి. అది వచ్చేలోపు బరంపురంలో రేడియో, టీవీ విడిభాగాల షాపులో దొరికే 120 ఓమ్‌ల రెసిస్టర్‌ని తెలుపు, నీలం మధ్య కలిపి నీళ్లు తగలకుండా చుట్టినా బండి నడుస్తుంది. అది తాత్కాలికమే సుమా.

కనెక్టర్‌లో చిలుము

మన తీరంలో ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. బోటును ఇసుక మీదికి లాగేటప్పుడు అలలు వెనుక నుంచి కొడతాయి, ఇంజిన్ దగ్గరి కనెక్టర్లలోకి ఉప్పునీరు దూరుతుంది. లోపల కరెంటు ఉంటుంది కాబట్టి ఆ నీరు ఊరికే ఆరిపోదు, ఎరుపు వైరు పిన్నుని తినేస్తుంది. కనెక్టర్ విప్పి టార్చి వేసి చూడండి. ఐదు పిన్నుల్లో నాలుగు బంగారు రంగులో మెరుస్తూ, ఒకటి మాత్రం పచ్చటి పొడి కప్పుకుని సన్నబడి కనిపిస్తుంది. వేలితో తాకితే విరిగిపోయే స్థితిలో కూడా ఉండొచ్చు.

పచ్చదనం పైపైనే ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మెత్తటి బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక బిగించండి. గరుకు కాగితం మాత్రం పెట్టొద్దు, పిన్ను మీది పూత పోతే చిలుము ఇంకా తొందరగా పడుతుంది. పిన్ను సన్నబడితే శుభ్రం చేసి లాభం లేదు, కేబుల్ మార్చాల్సిందే. ఖాళీగా ఉన్న టీలకు మూతలు పెట్టండి. కనెక్టర్ నట్టు చేత్తో బిగిస్తే చాలు, ప్లయర్ అక్కర్లేదు.

జీపీఎస్ వస్తోంది, ఇంజిన్ అంకెలు మాత్రం గీతలు

ముందు ఇంజిన్ తాళం తిప్పి చూడండి. చాలా ఇంజిన్లలో కంప్యూటర్ తాళం ఆన్‌లో ఉంటేనే మాట్లాడుతుంది. ఆ తర్వాత డిస్‌ప్లేలో పరికరాల జాబితా తెరవండి. ఇంజిన్ గేట్‌వే (ఇంజిన్ సందేశాలను నెట్‌వర్క్ సందేశాలుగా మార్చే పెట్టె) అందులో లేకపోతే దాని కేబుల్, దాని కరెంటు చూడాలి. జాబితాలో ఉండీ ఒక్క ఆయిల్ ప్రెషరే రాకపోతే, ఆ ఇంజిన్‌కి అసలు ఆ సెన్సర్ ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి. లేనిదాన్ని ఏ డిస్‌ప్లే చూపించలేదు.

ఇంకో సంగతి. చాలా డీజిల్ ఇంజిన్ల కంప్యూటర్లు జే1939 అనే వేరే పద్ధతిలో మాట్లాడతాయి. దాని వేగమూ ఎన్‌ఎంఈఏ 2000 లాగే సెకనుకు 250 కిలోబిట్లే కాబట్టి వైర్లు నేరుగా కలిపేస్తే సరిపోతుందనుకునే మేస్త్రీలున్నారు. సరిపోదు, సందేశాలు వేరు. మధ్యలో గేట్‌వే ఉండాలి.

అంకె వస్తోంది కానీ నమ్మేలా లేదు

నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ రకం. పాత ఇంజిన్‌కి కన్వర్టర్ (సెండర్ ఓమ్‌లను నెట్‌వర్క్ సందేశంగా మార్చేది) పెట్టి తెరకు కలిపినప్పుడు ఇది వస్తుంది. సెండర్లు ఎక్కువగా రెండు తరహాలు: 240 నుంచి 33 ఓమ్‌లవి, 10 నుంచి 180 ఓమ్‌లవి. కన్వర్టర్‌లో తప్పు తరహా ఎంచుకుంటే ప్రతి అంకె తప్పే. రెండో తరహా ఆయిల్ సెండర్‌లో ప్రెషర్ పెరిగేకొద్దీ ఓమ్‌లూ పెరుగుతాయి కాబట్టి, దాని వైరు తెగితే తెర సున్నా చూపదు, నిండు ప్రెషర్ చూపించే ప్రమాదం ఉంది. లోపల ఆయిల్ లేకపోయినా సరంగుకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే తాళం ఆన్ చేసి, ఇంజిన్ తిప్పకముందే ఆయిల్ ప్రెషర్ చూడండి. అప్పుడు సున్నా ఉండాలి. లేకపోతే ఆ అంకెని నమ్మి సముద్రంలోకి వెళ్లొద్దు. అలాగే ప్రెషర్ తక్కువని అలారం మోగితే సెన్సర్ తప్పేమోనని చర్చ పెట్టకండి. ముందు ఇంజిన్ ఆపి, ఆయిల్ పుల్ల తీసి చూడండి.

వేడి సెండర్ది ఇంకో లెక్క. వేడెక్కేకొద్దీ దాని ఓమ్‌లు తగ్గుతాయి. వైరు తెగితే ఇంజిన్ చల్లగా ఉన్నట్టు, ఎర్త్‌కి తగిలితే మరిగిపోతున్నట్టు చూపిస్తుంది. లైట్లు, పంపు వేయగానే వేడి అంకె కదిలితే ఎర్త్ వైరు లూజు. సెండర్ మరకి టెఫ్లాన్ టేపు మందంగా చుట్టినా ఎర్త్ అందదు. అనుమానం తీరాలంటే దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని థర్మోస్టాట్ దగ్గర పెట్టి తెరతో పోల్చండి.

పాత సూది మీటరునీ కన్వర్టర్‌నీ ఒకే సెండర్‌కి కలిపితే రెండూ తప్పు చూపించొచ్చు. కన్వర్టర్ అందుకు తగినదని మాన్యువల్‌లో రాసి ఉంటే తప్ప, ఒకటి తీసేయండి.

ఆర్‌పీఎం తేడా

ఆర్‌పీఎం సంకేతాన్ని ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) డబ్ల్యూ టెర్మినల్ నుంచి తీసుకుంటే పల్సుల లెక్క సరిగ్గా ఇవ్వాలి. అది ఆల్టర్నేటర్ పోల్స్‌ని బట్టీ, పుల్లీల సైజుని బట్టీ మారుతుంది. స్టార్ట్ చేయగానే సున్నా ఉండి, ఒకసారి రేజ్ చేశాక వస్తే ఆల్టర్నేటర్ ఆలస్యంగా మేల్కొంటోందన్నమాట. లోడు పడగానే పడిపోతే బెల్టు జారుతోంది.

అంకె రెండు విలువల మధ్య గెంతుతోంది

రెండు ఇంజిన్ల బోటులో రెండింటికీ ఒకే నంబరు ఇచ్చి ఉంటారు. ఎడమది 0, కుడిది 1 చేయండి. ఒకటే ఇంజినైతే, ఒకే సమాచారాన్ని రెండు పరికరాలు పంపుతున్నాయేమో చూసి డిస్‌ప్లేలో ఒకదాన్నే ఎంచుకోండి.

స్టార్ట్ కొట్టగానే తెర ఆరి వెలుగుతోంది

స్టార్టర్ లాగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది. టెర్మినళ్లు శుభ్రం చేసి, నెట్‌వర్క్‌కి వేరే బ్యాటరీ నుంచి ఫ్యూజుతో కరెంటు ఇవ్వండి.

అలల్లోనే తప్పు, ఒడ్డున అంతా బాగుంటుంది

దీనికి తీరిక కావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి అప్పుడు పెట్టుకోండి. నెట్‌వర్క్ ఆపి, తెలుపు-నీలం మధ్య మీటరు ఉంచి, ఒక మనిషి ఒక్కో టీనీ, కేబుల్‌నీ కదుపుతుంటే ఇంకొకరు 60 చెదురుతుందేమో చూడాలి. చెదిరిన చోటే జబ్బు. ఓమ్‌లు కదలకపోతే, కరెంటు వేసి ఎరుపు-నలుపు వోల్టేజి మీద ఇదే పరీక్ష చేయండి. పనిలో పనిగా ప్రతి టీకీ చీటీ కట్టండి. మన బోట్లలో ఒక మేస్త్రీ తెలుగు చదివితే ఇంకొకరు ఒడియా చదువుతారు, కాబట్టి పేర్లు కాకుండా నంబర్లు వేసి, అదే నంబరుతో ఒక బొమ్మ గీసి ఫ్యూజు పెట్టె మూత లోపల అతికించండి.