పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ స్టాండ్‌బై ఒక్కటే పెట్టకండి

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో డేటా పోకూడదని సింక్రనస్ రెప్లికేషన్ (కాపీ సర్వర్‌కి కూడా చేరాకే రాత పూర్తయినట్టు లెక్కపెట్టే పద్ధతి) పెట్టి, దానికి ఒకే ఒక్క స్టాండ్‌బై (కాపీ సర్వర్) ఇస్తే, అది ఆగిన క్షణం నుంచి ప్రైమరీలో, అంటే అసలు సర్వర్‌లో, కమిట్లన్నీ (మార్పులను ఖాయం చేయడం) నిలిచిపోతాయి. ఎర్రర్ కూడా రాదు, అలా వేచి చూస్తూనే ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ తనంతట తాను అసింక్రనస్‌కి (కాపీ కోసం ఆగని పద్ధతికి) మారదు, మారకపోవడమే సరైనది కూడా.

రెండు స్టాండ్‌బైలు పెట్టి, 'సింక్రనస్ స్టాండ్‌బై నేమ్స్' సెట్టింగ్‌లో 'ఎనీ 1' అని రాసి, బ్రాకెట్లో రెండిటి పేర్లూ ఇవ్వండి. ఇది వెర్షన్ 10 నుంచీ ఉంది. ఏ ఒక్కటి జవాబిచ్చినా కమిట్ పూర్తవుతుంది. ఇక్కడే చాలామంది జారిపోయేది: ప్రైమరీ పోయినప్పుడు చేతికందిన స్టాండ్‌బైని ప్రమోట్ చేస్తారు (కొత్త ప్రైమరీగా మారుస్తారు). చివరి కమిట్ రెండిట్లో ఒక్కదానికే చేరి ఉండవచ్చు. రెండిటి వాల్ (WAL, మార్పులన్నీ వరుసగా రాసుకునే లాగ్) స్థానాలు పోల్చి, ముందున్నదాన్నే ప్రమోట్ చేయండి.

దూరం కూడా లెక్కలోకి తీసుకోండి. స్టాండ్‌బైకి వెళ్లి రావడానికి 80 మిల్లీసెకన్లు పడితే, ఒక కనెక్షన్ మీద వరుసగా సెకనుకు 12 కమిట్లు దాటవు. అందుకే సింక్రనస్‌వి దగ్గరి జోన్లలోనే ఉంచి, దూరపు కాపీని అసింక్రనస్‌గా వదిలేయండి. లాగ్‌ల లాంటి పోయినా ఫర్వాలేని రాతలకు ఆ ట్రాన్సాక్షన్ వరకు 'సింక్రనస్ కమిట్'ని 'లోకల్' చేస్తే చాలు.

రెప్లికేషన్ స్లాట్లు (స్టాండ్‌బై ఇంకా అందుకోని వాల్‌ని ప్రైమరీలో దాచి ఉంచే ఏర్పాటు) వాడుతుంటే 'మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్'కి తప్పకుండా పరిమితి పెట్టండి (వెర్షన్ 13 నుంచి). లేకపోతే ఆగిపోయిన స్టాండ్‌బై కోసం వాల్ ఫైళ్లు పేరుకుపోయి ప్రైమరీ డిస్క్ నిండిపోతుంది.